స్టోన్‌హెంజా, ఏవ్‌బరీయా: విల్ట్‌షైర్‌లో ఒక్కరోజుకు ఏది మేలు?

ఇంగ్లండులో పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులూ, చదువుకోడానికి వచ్చినవారూ విల్ట్‌షైర్ గురించి నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒక్కటే: చేతిలో ఒక్కరోజే ఉంటే స్టోన్‌హెంజ్ చూడాలా, ఏవ్‌బరీ చూడాలా? రెండూ పురాతన రాతివలయాలే, 1986లో ఒకే ప్రపంచ వారసత్వ స్థలంగా యునెస్కో జాబితాకెక్కినవే, వాటి మధ్య దూరమూ సుమారు 40 కిలోమీటర్లే. అయినా రెండింటినీ ఒక్క పూటలో ముగించాలనుకుంటే దేన్నీ చూసినట్టుండదు.

పనితనం మాటకొస్తే స్టోన్‌హెంజ్‌దే పైచేయి. సుమారు 4,500 ఏళ్ల కిందట, ఇనుమన్నదే ఎరుగని మనుషులు సగటున 25 టన్నుల బండలను రాతితోనే చెక్కి, నిలువురాతి తలపై బొడిపె వదిలి, అది ఇమిడేలా అడ్డురాతి అడుగున గుంట తొలిచి, ద్వారబంధం బిగించినట్టు బిగించారు. చిన్నవైన నీలిరాళ్లు వేల్స్‌లోని ప్రెసెలీ కొండల నుంచి, 200 కిలోమీటర్లకు పైగా దూరం దాటి వచ్చాయి. ఇంతటి పనిని మామూలు వేళల్లో టికెట్ కొని, తాడుకు ఇవతల నుంచే చూడాలి.

నాకు మాత్రం రాతిని చేరగలమా లేదా అన్నదే ముఖ్యం. ఏవ్‌బరీ బయటి వలయం అడ్డకొలత దాదాపు 330 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పెద్ద రాతివలయమైన దీని లోపలే ఊరుంది, రోడ్డుంది, గొర్రెలు మేస్తుంటాయి. అవి ఒళ్లు రుద్దుకున్న చోట రాయి నున్నబడి, పగుళ్లలో ఉన్నిపోగులు చిక్కుకుని కనిపించాయి. కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్ల మధ్య తిరిగినవారికి ఈ సాన్నిహిత్యం కొత్త కాదు. 17, 18 శతాబ్దాల్లో ఊరివారు చాలా రాళ్లను మంటతో వేడెక్కించి, చన్నీళ్లు పోసి పగలగొట్టి ఇళ్లు కట్టుకున్నారు. మార్మలేడ్ (నారింజ జామ్) వ్యాపార కుటుంబానికి చెందిన పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ కీలర్ 1930లలో పడిపోయినవాటిని, పాతిపెట్టినవాటిని వెలికితీసి నిలబెట్టించాడు. 1938లో ఒక రాతి కింద కత్తెరతో, 14వ శతాబ్ది నాణేలతో ఒక మనిషి అస్థిపంజరం బయటపడింది. ప్రవేశానికి టికెట్ లేదు, కారు నిలపడానికే రుసుము. దగ్గరలో ఆనాటి మనుషులు పోసిన సిల్బరీ దిబ్బను రోడ్డు మీది నుంచి చూస్తే చాలు.

వాన పట్టుకుంటే సాలిస్‌బరీ కెథడ్రల్‌కు వెళ్లవచ్చు: 123 మీటర్ల శిఖరం, రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి మాగ్నా కార్టా పత్రం ప్రతి ఉన్నాయి.