మోటార్‌హోమ్‌తో ఆరేళ్లు, 3,700 గ్యాలన్లు

మేం ఈ బండి కొన్నది 2019 నవంబరులో. 2016 మోడల్, 28 అడుగుల క్లాస్ సి మోటార్‌హోమ్, అంటే వ్యాను ముందుభాగం వెనక ఇల్లు కట్టిన రకం. ఫోర్డ్ ఈ-450 చాసీ, 6.8 లీటర్ల వి10 పెట్రోల్ ఇంజన్, 55 గ్యాలన్ల ట్యాంకు (గ్యాలను అంటే దాదాపు 3.8 లీటర్లు). సెకండ్ హ్యాండ్‌లో 58,000 డాలర్లు పడింది. అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు. కొనడానికి అసలు కారణం అమ్మానాన్న. వాళ్లు ఇండియా నుంచి వచ్చినప్పుడల్లా కారులో నాలుగు గంటలు దాటితే నాన్నకి బాత్‌రూమ్ ఇబ్బంది. అమ్మకేమో దారిలో ఎక్కడా అన్నం దొరకదు, ఇంటి నుంచి తెచ్చిన పెరుగన్నం డబ్బాతోనే రెండు పూటలూ గడిపేది. వంటిల్లు, పడక, బాత్‌రూమ్ బండిలోనే ఉంటే వాళ్లకి నాలుగు ఊళ్లు చూపించొచ్చని మా ఆశ.

ఆ పని ఈ బండి బాగానే చేసింది. దాని గురించి ఎక్కువ చెప్పను. ఆర్వీ (ఇలాంటి బండ్లని ఇక్కడ అలా అంటారు) కొందామనుకునే మనవాళ్లందరూ నన్ను అడిగేది ఒక్కటే ప్రశ్న: పెట్రోలుకి ఎంతవుతుంది, ధర పెరిగితే ఏం చేస్తారు? మొదటి రోజు నుంచీ పుస్తకంలో రాసి పెట్టుకున్నాను కాబట్టి లెక్కతోనే చెప్తాను. ఆరేళ్లలో తిరిగింది 31,400 మైళ్లు. పోయించింది దాదాపు 3,700 గ్యాలన్లు. సగటున గ్యాలనుకి ఎనిమిదిన్నర మైళ్లు. పెట్రోలు ఖర్చు మొత్తం 11,800 డాలర్లు.

మొదట్లో ఈ అంకెలు మమ్మల్ని పెద్దగా భయపెట్టలేదు. 2020లో కోవిడ్ వల్ల జనం ఇళ్లు కదలక పెట్రోలు ధర బాగా దిగింది, మా దగ్గర చాలా నెలలు గ్యాలను రెండు డాలర్ల లోపే. ఆ అక్టోబరులో గ్రాండ్ కాన్యన్‌కి వెళ్లొచ్చాం. ఆరు రోజుల్లో 2,300 మైళ్లు. నేనూ మా ఆయనా వంతులవారీగా గంటకు 70, 75 మైళ్ల మీద తోలాం. పిల్లల్ని అడిగితే ఇప్పటికీ ఆ ట్రిప్పులో హైవే గుర్తుంది అంటారు తప్ప కాన్యన్ అంచున నిలబడిన సంగతి సరిగ్గా చెప్పలేరు. అప్పుడు మాకది తప్పనిపించలేదు. పెట్రోలు చవగ్గా ఉంటే మనిషి దూరం గురించి ఆలోచించడు.

2022 జనవరిలో యెల్లోస్టోన్ నేషనల్ పార్కుకి ప్లాన్ వేశాం. అమ్మానాన్న మేలో వస్తారు, జూన్ రెండో వారంలో బయల్దేరాలి. లోపల తిరుగుడుతో కలిపి రానుపోను 3,200 మైళ్లు, అంటే 376 గ్యాలన్లు. అప్పటి ధరకి 1,200 డాలర్లు అనుకున్నాం. ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్లింది. మార్చిలో ధర ఎగిరింది, ఏప్రిల్‌లో కాస్త తగ్గి మళ్లీ పెరుగుతూ జూన్‌లో అమెరికా సగటు మొట్టమొదటిసారి అయిదు డాలర్లు దాటింది. మా టెక్సాస్‌లో కాస్త నయం, 4.70 దగ్గర ఆగింది. దారిలో మిగతా రాష్ట్రాల ధరలు కూడా చూస్తే అదే ట్రిప్పు ఇప్పుడు 1,850 అవుతుందని లెక్క తేలింది. ట్యాంకు నింపబోతే కార్డు పరిమితి దాటిందని 125 డాలర్ల దగ్గర పంపు ఆగిపోయింది. మళ్లీ కార్డు పెట్టి మిగతాది పోయించాల్సి వచ్చింది. పక్కన నిలబడి చూసిన నాన్న ఆ రోజంతా సరిగ్గా మాట్లాడలేదు. తన కోసమే ఇంత ఖర్చు పెడుతున్నామని ఆయన బాధ.

నాన్న ఆర్టీసీ డ్రైవరు. నరసరావుపేట డిపోలో 31 ఏళ్లు చేసి రిటైరయ్యారు. ఆర్టీసీలో డ్రైవరు పనితనానికి కొలత కె.ఎం.పి.ఎల్., అంటే లీటరు డీజిలుకి ఎన్ని కిలోమీటర్లు ఇచ్చాడని. ఎవరు ఎంత ఇచ్చారో డిపోలో లెక్క ఉంటుంది, తక్కువ ఇచ్చినవాడిని పిలిచి అడుగుతారు. ఆ రాత్రి నా పుస్తకం తెప్పించుకుని మైళ్లని కిలోమీటర్లలోకి, గ్యాలన్లని లీటర్లలోకి మార్చి లెక్కేశారు. “యాభై మందిని ఎక్కించుకుని మా ఎక్స్‌ప్రెస్సు అయిదు పైనే ఇచ్చేదమ్మా. ఆరుగురికి ఇది మూడున్నరా?” అన్నారు. తర్వాత, “రేపు ఒకసారి తోలు, చూస్తాను” అన్నారు.

మర్నాడు టెక్సోమా చెరువు దాకా తోలాను. నాన్న పక్క సీట్లో కూర్చుని రోడ్డు చూడలేదు, నా కాలు చూశారు. నేను తోలే పద్ధతిలో ఎక్కడెక్కడ పెట్రోలు పారబోస్తున్నానో ఆ గంటన్నరలో చెప్పేశారు. దూరంగా ఎర్ర లైటు కనిపిస్తున్నా దగ్గరికి వెళ్లి బ్రేకు కొడుతున్నాను, అరమైలు ముందే కాలు తీసేయాలి. ఎత్తు ఎక్కేటప్పుడు క్రూజ్ కంట్రోల్‌కి వదిలేస్తున్నాను, అది వేగం నిలబెట్టడానికి గేరు దింపి ఇంజన్‌ని అరిపిస్తోంది. కాలితోనే తోలి, ఎక్కేటప్పుడు పది మైళ్లు తగ్గనివ్వాలి. మంచినీళ్ల ట్యాంకు నిండుగా మోసుకెళ్తున్నాను. గ్యాలను నీళ్లు ఎనిమిది పౌండ్ల పైనే, 40 గ్యాలన్లంటే 330 పౌండ్లు. హుకప్ (బండికి నీళ్లు, కరెంటు తగిలించుకునే కనెక్షన్లు) ఉన్న చోటికి వెళ్తూ అంత బరువు దేనికి? టైర్లలో గాలి తెల్లవారుజామున, బండి కదలకముందే చూడాలి.

అన్నిటికంటే వేగం. గాలి అడ్డగింత వేగానికి వర్గంలో పెరుగుతుంది, పైగా మాది గోడలా ముందుకు పోయే బండి. 70 మీద నాకు 8.2 వచ్చేది. 60 మీద, నాన్న చెప్పినట్టు తోలితే 9.6 వచ్చింది. ఎవరైనా ఇంధనం ఆదా చేస్తాయని మందుసీసాలు, చిప్పులు అమ్మితే కొనకండి. మేం ఒకటి కొని వాడాం, పుస్తకంలో ఏ తేడా రాలేదు. తేడా అంతా కుడి కాలిలోనే ఉంది. టెక్సాస్ హైవే మీద 60లో పోతుంటే ట్రక్కులు కూడా దాటిపోతాయి, మొదటి గంట మనసు పీకుతుంది. కుడి లేన్‌లో ఉండండి, అలవాటైపోతుంది. ఎదురుగాలి మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. అమరిల్లో వైపు ఒకసారి 60లో కూడా ఏడు దాటలేదు.

యెల్లోస్టోన్ మానేసి అర్కన్సాస్‌లోని హాట్ స్ప్రింగ్స్ వెళ్లాం. నేషనల్ పార్కు వాళ్ల గల్ఫా గోర్జ్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు, నీళ్లు, డ్రైనేజీ అన్నీ ఉన్నాయి. కదలకుండా ఎనిమిది రాత్రులు. రానుపోను 600 మైళ్లు, 63 గ్యాలన్లు, 290 డాలర్లు. అమ్మ పొద్దున్నే వాగు పక్కన నడిచొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టేది. ఊళ్లో వీధి పక్క కుళాయిల్లో వేడినీటి బుగ్గల నీళ్లు ఎవరైనా పట్టుకోవచ్చు, అమ్మ రోజూ రెండు క్యాన్లు తెప్పించుకునేది. మూడో రోజుకి పక్క సైటులో పెద్దాయన, నాన్న, ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాకపోయినా బానెట్లు ఎత్తుకుని ఇంజన్లు చూసుకుంటున్నారు. ఈ ఆరేళ్లలో మేం చేసిన ట్రిప్పులన్నిటిలో నాకు అదే మంచిది.

అయినా యెల్లోస్టోన్ విషయంలో నేను చేసింది తప్పే. జూన్ 13న అక్కడ వరదలు వచ్చి పార్కు మొత్తం మూసేశారు, కాబట్టి ఆ వారం వెళ్లకపోవడమే మంచిదైంది. కానీ జులై మొదటికల్లా పార్కు చాలావరకు తెరిచారు. ఆగస్టులో దేశం సగటు నాలుగు డాలర్ల కిందికి వచ్చింది, సెప్టెంబరుకి మా దగ్గర ఇంకా దిగింది. అమ్మానాన్న అక్టోబరు దాకా ఇక్కడే ఉన్నారు. పిల్లల బడికి వారం సెలవు పెట్టి తీసుకెళ్లాల్సింది. జూన్ ధర చూసి ఏడాది మొత్తానికీ కొట్టేశాను. ఇప్పుడు నాన్న మోకాళ్లు మునుపటిలా లేవు. ధర పెరిగినప్పుడు ట్రిప్పు వాయిదా వేయండి, దగ్గర చోటుకి మార్చుకోండి. పెద్దవాళ్లతో వెళ్లాల్సినదాన్ని మాత్రం పూర్తిగా కొట్టేయకండి.

కొనేవాళ్లు ముందు తెలుసుకోవాల్సిన ఇంకో లెక్క ఉంది. మా కాలనీలో ఇంటి ముందు ఆర్వీ పెట్టనివ్వరు. స్టోరేజీకి నెలకు 110, ఆరేళ్లకి 7,920. ఇన్సూరెన్సు 5,700. మైళ్లు తిరగకపోయినా వయసు వల్ల మార్చాల్సిన ఆరు టైర్లు 1,300. పైకప్పు కారకుండా సీలు వేయించడం, గది గోడని బయటికి జరిపే స్లయిడ్ మోటారు, చిల్లర మల్లర కలిపి 4,100. మొత్తం 19,000 డాలర్లు, బండి విలువ తగ్గింది వేరే. బండిలో పడుకున్న రాత్రులు 190. రాత్రికి పెట్రోలు 62 డాలర్లు పడితే, ఈ నిలవ ఖర్చు 100 పడింది. పెట్రోలు పిరమైందని బండిని షెడ్డులో ఉంచితే ఆ 62 మిగులుతుంది, కానీ పడుకునే రాత్రులు తగ్గి ఈ 100 కాస్తా 150 అవుతుంది. పంపు దగ్గర డబ్బు కళ్ల ముందే పోతుంది గనక అదే పెద్దదిగా కనిపిస్తుంది.

జనరేటర్ సంగతి కూడా చెప్పాలి. మాది ఓనన్ కంపెనీది, 4 కిలోవాట్లు. బండి ట్యాంకులోంచే పెట్రోలు తాగుతుంది, ట్యాంకు పావుకి దిగితే ఆగిపోతుంది. అలా ఆగేలా కట్టారు, మనం దారిలో ఇరుక్కోకుండా. ఏసీ వేస్తే మాకు గంటకు ఇంచుమించు 0.6 గ్యాలను. ఎండాకాలం రాత్రి తొమ్మిది గంటలు నడిపితే 4.70 లెక్కన 25 డాలర్లు. ట్రక్ స్టాపులో ఉచితంగా పడుకున్నామని సంబరపడేవాళ్లం, ఇంకో పది వేస్తే హుకప్‌తో సైటే వచ్చేది, ఆ మోతా ఉండేది కాదు. చలికాలం సంగతి వేరు. పడమటి రాష్ట్రాల్లో బీఎల్ఎం అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ భూముల్లో చాలా చోట్ల పద్నాలుగు రోజుల దాకా ఉచితంగా ఉండొచ్చు, ఏసీ అక్కర్లేదు కాబట్టి అది నిజంగానే ఉచితం. 2023 డిసెంబరులో కాలిఫోర్నియాలో మా చెల్లి వాళ్లింటికి వెళ్తూ అరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ దగ్గర అలాగే నాలుగు రాత్రులున్నాం. రాష్ట్రం దాటేలోపు అక్కడే ట్యాంకు నింపుకోండి, కాలిఫోర్నియాలో గ్యాలనుకి డాలరు పైనే ఎక్కువ.

ఇప్పుడు మా ప్లాను 300 మైళ్ల లోపే, కనీసం నాలుగు రాత్రులు ఒకే చోట. టెక్సోమా, బీవర్స్ బెండ్, కాడో చెరువు. పాలో డ్యూరో కాన్యన్ ఒక్కటే కాస్త దూరం, అయినా ఏటా వెళ్తాం. ఇలా ఉండగలిగితే ఈ బండి కొనండి, పెట్రోలు అయిదైనా తట్టుకుంటారు. వారంలో నాలుగు పార్కులు చుట్టి రావాలంటే మినీవ్యానూ హోటలే నయం. అద్దెకు తీసుకునేవాళ్లు రోజుకు ఎన్ని మైళ్లు ఇస్తున్నారో, దాటితే మైలుకి ఎంతో, జనరేటర్ గంటకు ఎంతో ముందే అడగండి. పెట్రోలు దానికి అదనం.

ప్రతి ట్రిప్పు అయ్యాక నాన్నకి వీడియో కాల్ చేస్తాను. చూసినవి తర్వాత అడుగుతారు, మొదటి మాట మాత్రం “ఎంత ఇచ్చింది?” మొన్న పాలో డ్యూరో నుంచి వచ్చాక 8.9 అని చెప్పాను.

“ఎదురుగాలా?” అన్నారు.

“అవును నాన్నా, పోయేటప్పుడంతా.”

“అయితే బాగానే తోలావు” అన్నారు.