తూకం దగ్గర ఆగిపోయిన తమ్ముడు

మా తమ్ముడి బరువు 103 కిలోలు. వాడికి కోపం వచ్చినా ఈ సంగతి ముందే చెప్పక తప్పదు. విమానంలోంచి పారాచ్యూట్‌తో దూకే స్కైడైవింగ్ మొదటిసారి చేద్దామని ఇద్దరం మూడు చోట్ల విచారించాం. ఆ అంకె చెప్పగానే ఎవరు ఏమన్నారో వింటే చాలు, ఏ చోటు ఎలాంటిదో సగం తెలిసిపోయింది.

మాకు కావలసింది టాండెమ్ దూకు. శిక్షకుడి వీపున పారాచ్యూట్, ఆయన ఛాతీకి ముందు మనం. పట్టీలు బిగించేది, పారాచ్యూట్ తెరిచేది, గాలిని చూసి దించేది అన్నీ ఆయనే. మనం చేయగలిగిన పెద్ద పని ఒక్కటే: ఎవరి ఛాతీకి కట్టించుకుంటున్నామో నేల మీద ఉండగానే తేల్చుకోవడం.

ఇంటర్నెట్‌లో వెతికితే అన్నిటికన్నా పైన కనిపించినవాళ్లకు ముందు ఫోను చేశాం. "టికెట్ ఇప్పుడే కొనండి, తేదీ తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు అవతలి మనిషి. ఏ మైదానంలో దూకాలని అడిగితే "మీకు దగ్గరలోనే" అన్నాడు. విమానం ఎవరిదని అడిగితే మాట మార్చాడు. అప్పటికి అర్థమైంది, వీళ్లకు విమానమూ లేదు, పారాచ్యూటూ లేదు, ఉన్నది టికెట్ల పుస్తకం మాత్రమే. తమ్ముడి బరువు చెప్పాం. "ఏమీ పరవాలేదండీ, మావాళ్లు సర్దుకుంటారు." సర్దుకోవడానికి ఇదేమైనా రైలు పెట్టెలో సీటా? ఇలాంటి మధ్యవర్తుల టికెట్లను అసలు స్కైడైవింగ్ పాఠశాలలు ఒప్పుకోని సందర్భాలూ ఉన్నాయి. నేరుగా మైదానం నడిపేవాళ్లకే డబ్బు కట్టడం మేలు.

రెండోది నిజంగా ఉన్న చోటే, వెళ్లి చూశాం. అద్దాల కార్యాలయం, కిటికీలోంచి కొండలు. ఆ యాత్ర మొత్తంలో మేము పడుకున్న మంచి గది అక్కడిదే, అబద్ధం చెప్పను. గోడ మీద పటం కట్టిన ధ్రువపత్రం ఒకటి ఉంది. దగ్గరికి వెళ్లి చదివితే అది సంస్థ పేరున ఎన్నో ఏళ్ల కిందట ఇచ్చినది. మమ్మల్ని దూకించబోయే మనిషి పేరు అందులో లేదు. ఆయన పత్రం చూపిస్తారా అని అడిగాను. "అందరూ అనుభవజ్ఞులే మేడమ్" అన్నాడు మేనేజరు. బరువుకు అదనపు రుసుము కడితే చాలన్నాడు. బరువును బట్టి రుసుము చాలా చోట్ల మామూలే, అందులో తప్పు పట్టలేదు. కానీ ఎంతవరకు అని అడిగితే ఆయన దగ్గర అంకె లేదు. మర్నాడు పొద్దున్నే గది ఖాళీ చేశాం.

పత్రాల గురించి నేను ఊరికే పట్టుబట్టలేదు. 2016లో కాలిఫోర్నియాలో ఒక టాండెమ్ దూకులో పారాచ్యూట్ తెరుచుకోక ఇద్దరూ చనిపోయారు. ఆ శిక్షకుడికి టాండెమ్ చేయించే అర్హతే లేదని తర్వాత బయటపడింది. అమెరికా నిబంధనల ప్రకారం టాండెమ్ శిక్షకుడికి కనీసం మూడేళ్ల అనుభవం, 500 దూకులు ఉండాలి. వాడబోయే టాండెమ్ పరికరం మీద తయారీదారు దగ్గర గానీ, టాండెమ్ కోర్సు నడిపేవాళ్ల దగ్గర గానీ శిక్షణ పొందినట్టు పత్రం కూడా ఉండాలి. దేశాన్ని బట్టి ఇలాంటి లెక్కలను యునైటెడ్ స్టేట్స్ పారాచ్యూట్ అసోసియేషన్, బ్రిటిష్ స్కైడైవింగ్, ఆస్ట్రేలియన్ పారాచ్యూట్ ఫెడరేషన్ లాంటి సంఘాలు చూసుకుంటాయి. పాఠశాల తమ సభ్యత్వం గురించి చెప్పుకొనేది విని ఊరుకోకుండా, సంఘాన్నే అడిగి సరిచూసుకోవాలి. శిక్షకుడి పత్రం మీద గడువు తేదీ చూడాలి.

మూడో చోట ఫోను ఎత్తిన ఆవిడ పేరు కన్నా ముందు బరువు అడిగింది. "మా హద్దు 100. వచ్చాక మా తూకం మీదే చూస్తాం. దాటితే దూకనివ్వం, డబ్బు తిరిగి ఇచ్చేస్తాం." భుజం ఎప్పుడైనా జారిందా, గుండె జబ్బు ఉందా, ముందు రోజు స్కూబా డైవింగ్ చేస్తున్నారా అని వరుసగా అడిగింది. తమ్ముడు మూడు వారాలు పొద్దున్నే పరిగెత్తాడు.

అక్కడ తూకం ఎక్కే ముందు బూట్లు విప్పాడు. బెల్టు తీశాడు. ఫోను, తాళాలు, పర్సు నా చేతిలో పెట్టాడు. "అక్కా, గడియారం కూడా పట్టుకో" అన్నాడు. 101.8. "రెండు కిలోలేగా?" అన్నాడు దీనంగా. "అవునండీ, రెండు కిలోలే" అని ఆవిడ అంకె రాసుకుని, డబ్బు వాపసు కాగితం ముందుకు జరిపింది.

నేను మడత షెడ్డు చూస్తానంటే వద్దనలేదు. బల్లల మీద పారాచ్యూట్లు పరిచి మడుస్తున్నారు. ప్రతి సంచిలో రెండు ఉంటాయి, ప్రధానమైనది ఒకటి, అత్యవసరానికి ఒకటి. రెండోదాన్ని అర్హత ఉన్న రిగ్గరే, అంటే పారాచ్యూట్లు మడిచే నిపుణుడే, మడవాలి. ఆ మూత దగ్గర సన్నని ఎర్ర దారం, దానికి చిన్న సీసపు ముద్ర. పక్క జేబులోంచి ఒక కార్డు తీసి చూపించారు: మడిచిన తేదీ, సంతకం. అమెరికాలో అయితే 180 రోజులకోసారి మళ్లీ విప్పి మడవాలి. లోపల ఇంకో చిన్న పెట్టె ఉంది. బాగా కిందికి వచ్చాక కూడా వేగం తగ్గకపోతే ఎవరి చెయ్యీ తగలకుండానే రెండో పారాచ్యూట్‌ను తెరుస్తుంది. ఆ ఎర్ర దారం చూశాక వచ్చిన ధైర్యం నాకు రెండో చోటి అద్దాల గదిలో రాలేదు.

ఆ రోజు దూకలేదు. ఆకాశం నీలంగా, మబ్బు తునక లేకుండా ఉంది. గాలి మాత్రం వాళ్ల హద్దు దాటింది. ఐదు గంటలు కూర్చోబెట్టి రేపు రమ్మన్నారు. రాత్రి మైదానం పక్క బస, ఇనుప మంచాలు, అందరికీ కలిపి ఒకే స్నానాల గది, నా పై మంచంలో గురక. ఇలాంటి యాత్రకు కనీసం ఒక రోజు అదనంగా పెట్టుకోండి. వెంటనే తిరుగు ప్రయాణం ఉంటే గాలితో పాటు గడియారంతో కూడా తగవు పడాలి.

మర్నాడు పొద్దున శిక్షకుడు భుజాల దగ్గర రెండు, నడుము దగ్గర రెండు కొక్కేలు చూపించి ఎలా బిగుస్తాయో చెప్పాడు. విమానంలో పైకి వెళ్లాక తగిలించి, నన్నే చేత్తో తడిమి చూసుకోమన్నాడు. 13,000 అడుగుల దగ్గర తలుపు తెరిచారు. కడుపులో జారినట్టు ఉంటుందనుకున్నాను, ఉండదు. గాలి హోరు తప్ప ఏమీ తెలియదు. దూకిన కాసేపటికే వెనక డ్రోగ్ అనే చిన్న పారాచ్యూట్ వదులుతారు. అది లేకపోతే ఇద్దరి బరువుకు వేగం హద్దు మీరుతుంది. ఉన్నా గంటకు 190 కిలోమీటర్లు దాటుతుంది. ఒక నిమిషం లోపే పెద్దది తెరుచుకుంది. అంత హోరూ ఒక్కసారిగా ఆగిపోయి, శిక్షకుడి ఊపిరి వినబడింది. దిగేటప్పుడు కాళ్లు ముందుకు చాచమన్నాడు. గడ్డి మీద కూర్చున్నట్టే జారాం.

వీడియోకు శిక్షకుడి చేతి కెమెరా చాలనుకున్నాను, అందులో నా బుగ్గలు తప్ప ఏమీ కనబడవు. విడిగా ఇంకొకరు దూకి తీసేదే తీసుకోవలసింది. కింద తమ్ముడు కూడా ఫోనులో మొదటి నుంచి చివరిదాకా తీశాడు, చెయ్యి వణకకుండా, ఎంతో శ్రద్ధగా. రాత్రి పెట్టి చూస్తే అందులో దిగింది వేరే ఎవరో పసుపు గాగుల్స్ ఆయన.