బరంపురంలో తెలుగు టికెట్టు కొంటున్నారా? జాగ్రత్త!

ఆ కార్ల సినిమా బరంపురంలో ఏ హాలులో ఆడుతోందో మీకు తెలుసు, పేరు చెప్పను. టికెట్టు మీద 'తెలుగు' అని కనిపిస్తే మాత్రం నమ్మకండి. నిన్న అమ్మను వెంటబెట్టుకుని ఛత్రపూర్ నుంచి ఫస్ట్ షోకు వెళ్లాను. హీరో నోరు తెరవగానే హిందీ!

అమ్మకు తెలుగు, ఒడియా తప్ప మరో భాష రాదు. నేరుగా మేనేజరు గదికి వెళ్లి ఫోనులో టికెట్టు చూపించాను. తెలుగు వెర్షన్ తెరుచుకోవడానికి పంపాల్సిన డిజిటల్ తాళంచెవి పొద్దుటి నుంచీ రాలేదట. పొద్దుటి నుంచీ! అంటే మార్నింగ్ షోకే తెలుసు, అయినా తెలుగు అని అమ్ముతూనే ఉన్నారు. డబ్బు తిరిగి ఇవ్వమంటే కుర్చీలోంచి కదలకుండా, పల్లీలు నములుతూ, శుభ్రమైన తెలుగులో సెలవిచ్చాడు: "కార్లు గుద్దుకోవడానికి భాషెందుకండీ?" పక్కనున్న టికెట్ల కుర్రాడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

పైగా సినిమా కూడా ఆయన పక్షమే! ఛేజులు అద్భుతం, కాదనను. ఇరుకు సందుల్లో కారును వెనక్కి నడుపుతూ తప్పించుకునే ఘట్టంలో నేనూ ఊపిరి బిగబట్టాను. "ఎందుకురా అలా పారిపోతున్నాడు?" అని అమ్మ అడిగింది. హిందీ వచ్చిన నాకూ తెలిస్తే కదా! 1968 నాటి హాలీవుడ్ పోలీసు సినిమా 'బుల్లిట్'లో ఛేజు దాదాపు 11 నిమిషాలు సాగుతుంది, అందులో మాటలుండవు. అయినా హీరో స్టీవ్ మెక్వీన్ స్టీరింగు పట్టిన తీరులోనే ఆ పోలీసు మొండితనం తెలిసిపోతుంది. ఇక్కడ హీరో జేబులో చెల్లెలి ఫోటో ఒకటి పెట్టి పాత్ర తయారైందనుకున్నారు. విలన్‌కు అదీ లేదు, నల్ల కళ్లద్దాలున్నాయి.

బుకింగ్ యాప్‌వాళ్లను అడిగితే హాలునే అడగమన్నారు. సౌకర్య రుసుము మాత్రం వెనక్కి రాదట. ఎవరి సౌకర్యమో!

మీరు వెళ్తే, మొదట తెర మీద పడే సెన్సార్ సర్టిఫికెట్‌లో భాష చూడండి. తేడా ఉంటే అప్పుడే లేచి అడగండి, టికెట్టు సందేశం చెరిపేయకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, నేను ఫిర్యాదు చేశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలన్నా, మనం చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల దాకా ఉంటే రుసుము లేదు. నిన్న నాతో పాటు మేనేజరు గది ముందు నిలబడినవాళ్లు ఇది చదువుతుంటే, మీరూ ఫోను చేయండి.