ఏడు వందల ఓబీడీతో నాలుగు ఎండాకాలాలు

నా బండికి టెంపరేచర్ ముల్లు లేదు. 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఇంజిన్ చల్లగా ఉంటే నీలం దీపం, మరీ వేడెక్కితే ఎర్ర దీపం. ఆ రెంటికీ మధ్య లోపల ఏం జరుగుతోందో డ్రైవరుకు ఎందుకులే అనుకున్నారేమో తయారుచేసినవాళ్లు. 2022 ఏప్రిల్లో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే, పంతంగి టోల్ దగ్గర క్యూలో పది నిమిషాలు నిలబడేసరికి ఆ ఎర్ర దీపం మొదటిసారి చూశాను. పక్కకు తీసి బానెట్ ఎత్తితే రిజర్వాయర్ డబ్బాలోంచి నీళ్లు కుతకుతలాడుతూ పొర్లుతున్నాయి. రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతే, పక్కనే లారీ ఆపుకున్నాయన "ముట్టకు తమ్మీ, మొహం కాలుతది" అని అరిచాడు. ఆయన ఎవరో గానీ నా మొహం ఆయన చలవే.

దగ్గర్లో ఉన్న షెడ్డులో చూసి "హెడ్ గాస్కెట్ పోయింది సార్, హెడ్ దించాలె, పాతిక వేలయితది" అన్నారు. హెడ్ గాస్కెట్ అంటే ఇంజిన్ బ్లాకుకూ పైనుండే హెడ్‌కూ మధ్య ఉండే సీలు. బండి చల్లారాక నీళ్లు పోసుకుని, రాత్రి చల్లబడ్డాక బయల్దేరాను. విజయవాడ దాకా ఒక్కసారి కూడా ఎర్ర దీపం వెలగలేదు. ఆ విషయం గురించి అప్పుడే ఆలోచించి ఉండాల్సింది. గాస్కెట్ అంతగా పోయుంటే రెండు వందల కిలోమీటర్లు అంత బుద్ధిగా వచ్చేది కాదు.

ఈ ఓబీడీ, అంటే బండి కంప్యూటర్‌లోని సమాచారాన్ని ఫోన్‌కి చేరవేసే పరికరం, ఆ వారంలోనే ఆన్‌లైన్లో కొన్నాను. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద నీలం డబ్బా, దాదాపు ఏడు వందలు. పెట్టె మీద ఈఎల్ఎం 327 అని ఉంటుంది, కానీ ఈ ధరలో వచ్చేవన్నీ ఆ చిప్‌కి నకళ్లే. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్లో గుచ్చి, ఫోన్లో బ్లూటూత్ కలిపి (పిన్ 1234), టార్క్ అనే యాప్ తెరిస్తే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) వేడి అంకెల్లో కనిపిస్తుంది. ఐఫోన్ వాళ్లకు ఈ మామూలు బ్లూటూత్ రకం పనిచేయదు, వైఫై రకమో బ్లూటూత్ ఎల్ఈ రకమో తీసుకోవాలి.

ముందే ఒక మాట. ఇది జబ్బు పేరు చెప్పదు. నాకు ఒక్క ఎర్రర్ కోడ్ కూడా రాలేదు. కోడ్ లేదు కాబట్టి బండి బాగానే ఉందని ఒక సర్వీస్ సెంటర్లో పంపించేశారు కూడా. ఇది చెప్పేది వేడి ఎంతన్నది, అది ఎప్పుడు పెరుగుతోందన్నది. నా అనుభవంలో ఆ "ఎప్పుడు" అన్నదాంట్లోనే సగం సమాధానం ఉంది.

రోడ్డు మీద పోతుంటే అంకె 88, 90 దగ్గర కదలకుండా ఉండేది. సిగ్నల్ దగ్గర ఆగగానే మెల్లగా ఎక్కడం మొదలు: 95, 98, 101, 104. అక్కడ ఫ్యాన్ ఒక్కసారిగా హోరుమని తిరిగి 97కి దించేది. మళ్లీ అదే కథ. పోతున్నప్పుడు గాలి తగిలి చల్లబడుతోంది, ఆగితే చల్లబడటం లేదంటే రేడియేటర్, వాటర్ పంప్ పనిచేస్తున్నట్టే, ఫ్యాన్ సంగతే చూడాలి. నా బండి ఫ్యాన్‌కి రెండు వేగాలు. 96 దగ్గర తిరగాల్సిన చిన్న వేగం అసలు లేదు, పెద్ద వేగం ఒక్కటే మిగిలింది. అంతకు రెండు నెలల ముందు నుంచీ సిగ్నళ్ల దగ్గర ఏసీ వెచ్చగా వస్తోందని మా ఆవిడ అంటూనే ఉంది. గ్యాస్ తగ్గిందేమోలే అని నేను పట్టించుకోలేదు. రెండూ ఒకే ఫ్యాన్ గొడవ.

ఇంకో చిక్కు మిగిలింది. 104 దగ్గర నీళ్లు మరగకూడదు. మూత ఒత్తిడిని సరిగ్గా పట్టి ఉంచితే 120 దాకా మరగవు. మరి పొర్లాయంటే మూత పట్టడం లేదన్నమాట. పైగా అంతకుముందు ఎవరో కూలెంట్ బదులు ఉత్త నీళ్లు నింపారు. మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ మీద మూత తీసి స్టార్ట్ చేసి చూశాను. గాస్కెట్ పోతే కనిపించే బుడగలు లేవు. ఆయిల్ మూత కింద మజ్జిగలాంటి నురగ లేదు. గాస్కెట్ మీద అనుమానం దాదాపుగా తీరిపోయింది.

విజయవాడ ఆటోనగర్లో ఎలక్ట్రీషియన్‌కి ఫోన్లో గ్రాఫ్ చూపిస్తే పెద్దగా మాట్లాడలేదు. చిన్న వేగానికి ఉండే రెసిస్టర్ విప్పి చూపించాడు, కాలి నల్లబడిపోయి ఉంది. రెసిస్టర్, కొత్త మూత, కూలెంట్, కూలీ అన్నీ కలిపి మూడు వేల లోపే. ఆ ఒక్కరోజుతో డబ్బా తన ఖరీదు ముప్పై రెట్లు వసూలు చేసిపెట్టింది.

రెండో ఎండాకాలం దీని ఉపయోగం తలకిందులుగా తెలిసింది. వాటర్ హోస్ మార్పించి వచ్చాక హైవే మీద అంకె 68, 70 దాటడం లేదు. నేను సంతోషించాను, మైలేజీ చూశాక ఆ సంతోషం పోయింది. అడిగితే మెకానిక్ దాచకుండానే చెప్పాడు: "థర్మోస్టాట్ తీసేశా సార్, మన ఎండలకి అదెందుకు?" ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే వాల్వ్ అది. ఈ మాట మీరూ వినే ఉంటారు. ఇంజిన్ తగినంత వేడెక్కకపోతే కంప్యూటర్ ఇంకా చలిలోనే ఉన్నామనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఆయిల్ కూడా తన వేడికి రాదు. మళ్లీ కొత్తది పెట్టించేదాకా నేను ఊరుకోలేదు. అంకె చూడకపోతే ఇది నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇక ఇది నన్ను ముంచబోయిన రోజు గురించి. 2024లో శ్రీశైలం వెళ్తూ, డ్యామ్ కింద వంతెన దాటి సున్నిపెంట వైపు ఎక్కుతున్నాం. అంకె 99కి వెళ్లి, అక్కణ్ణుంచి 91కి, 84కి దిగింది. ఎక్కుడు మీద, సెకండ్ గేర్లో, ఏప్రిల్ ఎండలో దిగడమేమిటి? తియ్యటి వాసన కూడా వస్తోంది. హీటర్ వేడెక్కేది కూలెంట్‌తోనే కాబట్టి దాన్ని ఫుల్‌గా పెట్టి చూశాను. మామూలుగా అయితే మాడ్చేసే గాలి రావాలి, బయటి గాలే వచ్చింది. వెంటనే పక్కన ఆపి ఇంజిన్ కట్టేశాను. కింది హోస్ క్లిప్ వదులై కూలెంట్ అంతా రోడ్డు పాలైంది. సెన్సర్ ఉన్నచోట నీళ్లు లేకపోతే అది చెప్పేది ఉత్త ఆవిరి సంగతి, ఇనుము ఎంత కాగిందో దానికి తెలియదు. అంకె కారణం లేకుండా తగ్గినా, పెరిగినంత టెన్షన్ పడాలని ఆరోజే తెలిసింది. గంటన్నర ఆగి, క్లిప్ బిగించి, తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ పోసి మెల్లగా ఎక్కాం.

మిగతా విసుగులు చిన్నవే. సాకెట్లోనే వదిలేస్తే బ్యాటరీ తాగుతుంది. సంక్రాంతికి ఊరెళ్లి తొమ్మిది రోజులకు వస్తే బండి స్టార్ట్ కాలేదు, అప్పటినుంచి దిగేటప్పుడు పీకేస్తున్నా. అరగంటకోసారి బ్లూటూత్ తెగుతుంది. ఫోన్ స్క్రీన్ వంక చూస్తూ నడపడం ప్రమాదం, అందుకే 102 దాటితే మోగేలా అలారం పెట్టుకున్నా. పెట్టె మీద "2.1" అని రాసి ఉన్న నకళ్లతో కొన్ని బళ్లు కలవవని విన్నాను. మా తమ్ముడి డీజిల్ బండికి అలాంటిదే కొంటే అసలు కలవనే లేదు, తిరిగి పంపేశాం. మీరు కొంటే వాపసు తీసుకునే చోటే కొనండి. కోడ్ ఏదైనా వస్తే తుడిచేసే బటన్ నొక్కేముందు కాగితం మీద రాసిపెట్టుకోండి, నొక్కాక మెకానిక్‌కి చూపించడానికి ఏమీ మిగలదు.

పోయిన మే నెలలో బెంజి సర్కిల్ దగ్గర ఇరవై నిమిషాలు ఇరుక్కున్నాం. ఏసీ నడుస్తోంది, బయట 43 డిగ్రీలు. అంకె 97కి వెళ్లింది, ఫ్యాన్ చిన్నగా తిరిగింది, 93కి వచ్చింది. నేను ఫోన్ బోర్లా పెట్టేసి పాటలు పెట్టుకున్నా.