ఈబస్ అని డబ్బు కట్టించుకుని ఉత్త సూది గుచ్చి పంపారు, జాగ్రత్త

నిన్నటి నుంచి నిద్ర లేదు. ఆసుపత్రి పేరు రాయడం లేదు. ఇంట్లో పెద్దవాళ్ళను ఊపిరితిత్తుల పరీక్షలకు హైదరాబాద్ తెస్తున్నవాళ్ళు మాత్రం ఇది చదవండి.

నాన్నకు మూడు నెలలుగా దగ్గు. సీటీలో మచ్చ కనిపించింది, పెట్ స్కాన్‌లో ఛాతీ మధ్య లింఫ్ గ్రంథులు వెలిగాయి. క్యాన్సర్‌లోనే కాదు, టీబీలోనూ అలాగే వెలుగుతాయట, అందుకని ఈబస్ చేయించమన్నారు. అల్ట్రాసౌండ్ ఉన్న గొట్టాన్ని నోట్లోంచి శ్వాసనాళంలోకి దింపి, గ్రంథిని తెర మీద చూస్తూ సన్నటి సూదితో కణాలు లాగుతారు. కోత ఉండదు. 42 వేలు కట్టాం. నాన్నకు గుండెలో స్టెంట్ ఉంది. కార్డియాలజిస్టును అడిగి, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే క్లోపిడోగ్రెల్ మాత్ర 5 రోజులు ఆపాం. ఆ ఐదు రోజులూ ఆయన ఛాతీ రుద్దుకుంటే చాలు, నాకు టెన్షన్.

నిన్న రిపోర్టు వచ్చింది. రక్తం, శ్వాసనాళపు కణాలే ఉన్నాయి, నిర్ధారణకు చాలదు అని. ఒక్కోసారి రాకపోవచ్చు, ఒప్పుకుంటాను. కానీ డిశ్చార్జి సమ్మరీ తీసి చూస్తే ఈబస్ అన్న మాటే లేదు. 'కన్వెన్షనల్ టీబీఎన్ఏ, ఒక పాస్' అని ఉంది. అంటే గ్రంథిని చూడకుండా, సీటీని బట్టి అంచనా వేసుకుని ఒక్కసారి గుచ్చారు!

కౌంటర్‌కి పరిగెత్తాను. అక్కడ కూర్చున్నావిడ లోపలికి ఫోన్ చేసి, "ఆ రోజు ఈబస్ స్కోప్ రిపేరులో ఉంది సార్, సూది అయితే వేశారు కదా" అంది. మాకెందుకు చెప్పలేదని అడిగితే కన్సెంట్ ఫారం నా వైపు తిప్పింది. నీలం ఇంకుతో నా సంతకం. నేను పెట్టినప్పుడు పైన గడి ఖాళీగా ఉంది, ఇప్పుడు అందులో నల్ల ఇంకుతో టీబీఎన్ఏ అని రాసి ఉంది. "మళ్ళీ చేయించాలంటే ప్యాకేజీ మళ్ళీ కట్టాలి" అంది, కంప్యూటర్ మీంచి తల కూడా ఎత్తకుండా. నా చేతులు వణికాయి.

గడి ఖాళీగా ఉన్న ఫారం మీద సంతకం పెట్టింది నేనే. నాన్న స్ట్రెచర్ మీద ఉన్నారు, త్వరగా కానివ్వండి అన్నారు, పెట్టేశాను. ఆ ఒక్క నిమిషం ఆగి అడిగి ఉంటే! తీసిన ఆ కాస్తనూ ఫార్మలిన్‌లోనే వేశారు, అందులో క్రిములు చచ్చిపోతాయి, ఇక టీబీ కల్చర్‌కీ (క్రిములను పెంచి చూసే పరీక్షకు) పనికిరాదు.

మీరు వెళ్తే లోపలికి తీసుకెళ్ళకముందే డాక్టర్‌నే అడగండి. ఈరోజు స్కోప్ పనిచేస్తోందా, ఎన్నిసార్లు గుచ్చుతారు (అక్కడికక్కడే స్లైడు చూసేవాళ్ళు లేకపోతే ఒక్కో గ్రంథికి కనీసం 3 సార్లు అంటారు), టీబీ కోసం సెలైన్‌లో విడిగా పంపుతారా అని. క్యాన్సర్ అని తేలితే, ఏ మందు పనిచేస్తుందో చూసే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే జన్యు పరీక్షలకూ ఆ కణాలే కావాలి. గడులన్నీ నింపాకే సంతకం పెట్టండి.

వేరే చోట వచ్చే వారం తేదీ ఇచ్చారు. నాన్న మాత్ర మొదలుపెట్టి నాలుగు రోజులే అయింది, దాన్ని మళ్ళీ ఆపమని కార్డియాలజిస్టును ఇవాళ సాయంత్రం అడగాలి.