టీచర్ల కోసం అమెరికా హిస్టరీ టూర్: వెళ్లొచ్చాక నా రివ్యూ

ఎనిమిదో తరగతికి అమెరికా చరిత్ర చెప్తాను. పదకొండేళ్లుగా చెప్తున్నా, ఇది నేను చిన్నప్పుడు బడిలో చదువుకున్న చరిత్ర కాదు, ఈ దేశానికి వచ్చాక టీచర్ లైసెన్స్ కోసం పుస్తకాల్లో నేర్చుకున్నది. ఆ చోట్లన్నీ ఒక్కసారైనా కళ్లతో చూడాలని ఈ జులైలో టీచర్ల కోసమే నడిపే ఒక ఏడు రోజుల బస్సు టూర్‌కి వెళ్లాను. కంపెనీ పేరు రాయడం లేదు. ముందే చెప్పేస్తా, వెళ్లండి. కానీ డబ్బు కట్టే ముందు ఒక్కో చోట ఎన్ని గంటలు ఉంచుతారో గట్టిగా అడగండి.

మొదటి రోజు ఫిలడెల్ఫియా. ఇండిపెండెన్స్ హాల్‌కి మనంతట మనం వెళ్తే టైమ్ వేసిన టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, ఒక్కోదానికి 1 డాలర్ ఫీజు. మాకు టూర్ వాళ్లే ముందుగా బుక్ చేశారు, ఆ టెన్షన్ లేదు. 1776లో స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించిందీ, 1787లో రాజ్యాంగం తయారు చేసిందీ ఒకే గదిలో, ఆ గది నేను అనుకున్నదానికంటే చాలా చిన్నది. రాజ్యాంగ సభ నడిపినప్పుడు జార్జ్ వాషింగ్టన్ కూర్చున్న అసలు కుర్చీ ఇంకా అక్కడే ఉంది, దాని వీపు పైభాగాన సగం సూర్యుడి బొమ్మ చెక్కి ఉంటుంది. రాజ్యాంగం మీద సంతకాలు పూర్తవుతున్నప్పుడు ఆ సూర్యుడు ఉదయిస్తున్నాడే గాని అస్తమించడం లేదని సభ్యుల్లో ఒకరైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ అన్న మాట నేను ఏటా క్లాసులో చెప్తాను, కుర్చీ ఎదురుగా నిలబడ్డాక ఇక ఆ మాట వేరేలా చెప్తానేమో.

తర్వాత గెటిస్‌బర్గ్, బానిసత్వం ఉన్న దక్షిణ రాష్ట్రాలు విడిపోవడంతో వచ్చిన అమెరికా అంతర్యుద్ధంలో పెద్ద పోరు జరిగిన చోటు. అక్కడ టూర్ వాళ్లు చేసిన మంచి పని, లైసెన్స్ ఉన్న బ్యాటిల్‌ఫీల్డ్ గైడ్‌ని బస్సులోకి ఎక్కించడం. ఆయన పికెట్ దాడి (జనరల్ పికెట్ పేరు మీద పిలిచే దాడి) జరిగిన పొలంలో మమ్మల్ని బస్సు దింపి నడిపించారు. 1863 జులై 3న సుమారు 12,500 మంది కాన్ఫెడరేట్ (దక్షిణ రాష్ట్రాల) సైనికులు దాటబోయిన మైదానం అది, దాదాపు మైలు దూరం. బోర్డు మీద బాణం గుర్తు గీసి చెప్పేటప్పుడు అది రెండు అంగుళాలు. అక్కడ నడుస్తుంటే దాక్కోవడానికి చెట్టు లేదు, మధ్యలో రోడ్డుకి రెండు పక్కలా కంచె, దాన్ని ఎక్కి దాటుతున్నవాళ్ల మీద ఎదుటి గట్టు నుంచి కాల్పులు. సగం మందికి పైగా చనిపోవడమో, గాయపడడమో, పట్టుబడడమో ఎందుకైందో నాకు కాళ్లకు అర్థమైంది. మూడు రోజుల యుద్ధంలో రెండు వైపులా కలిపి అలాంటి నష్టం సుమారు 51,000. సాయంత్రం సైనికుల స్మశానంలో ఒక టీచర్, అప్పటి అధ్యక్షుడు లింకన్ అక్కడ చేసిన ప్రసంగం పైకి చదివారు, రెండు నిమిషాలైనా పట్టలేదు, ఆ తర్వాత చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

వాషింగ్టన్ నగరంలోనే నాకు కోపం వచ్చింది. దేశం అసలు పత్రాలు దాచిన నేషనల్ ఆర్కైవ్స్ బాగుంది, స్వాతంత్ర్య ప్రకటన సిరా ఎంతగా వెలిసిపోయిందో, ఆ మసక వెలుతురులో ఎందుకు పెట్టారో చూస్తేనే తెలుస్తుంది (పాఠ్యపుస్తకాల్లో స్పష్టంగా కనిపించే కాపీ సాధారణంగా 1823లో విలియం స్టోన్ రాగి పలకపై చెక్కిన దాన్నుంచి వచ్చింది, పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి). కానీ ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియానికి గంటన్నర ఇచ్చారు. గంటన్నర! అక్కడ చరిత్ర భూమి అడుగు నుంచి మొదలవుతుంది, లిఫ్ట్ కిందికి దిగుతుంటే గోడ మీద సంవత్సరాలు వెనక్కి వెళ్తూ 1400ల దాకా చేరతాయి, అక్కడి నుంచి ఒక్కో అంతస్తూ చూస్తూ పైకి రావాలి. మేము అంతర్యుద్ధం దగ్గరికి వచ్చేసరికి బస్సు దగ్గరికి రమ్మని మెసేజ్. 1955లో తెల్లవాళ్లు చంపేసిన 14 ఏళ్ల నల్లజాతి కుర్రాడు ఎమ్మెట్ టిల్ శవపేటిక చూడకుండానే వచ్చేశాను. అదే రోజు సావనీర్ల కోసం ఒక షాపింగ్ వీధిలో గంటసేపు ఆపారు, ఆ గంట మాకు మ్యూజియంలో కావాలి. మీరు విడిగా వెళ్తే ఇక్కడ ప్రవేశం ఉచితమే, టైమ్ పాస్ మాత్రం ముందే తీసుకుని ఒక రోజంతా పెట్టుకోండి.

బ్రిటిష్ కాలపు ఊరిని మళ్లీ అప్పటిలా నిలబెట్టిన విలియమ్స్‌బర్గ్ సరదాగా గడిచింది, అచ్చు యంత్రం దగ్గర అక్షరాలు పేర్చి చూపించారు, ఎండ మాత్రం భరించలేం.

చివరిది మాంటిచెల్లో, స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్ ఇల్లు. టూర్ మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించింది ఇదే. ఇల్లు చూపించి వదిలేయరు, పక్కనే మల్బరీ రో అనే దారి మీదికి తీసుకెళ్లి అక్కడ బానిసత్వంలో బతికినవాళ్ల గురించి పేర్లతో చెప్తారు. మేకులు తయారు చేసే కొలిమి అక్కడే ఉండేది, పని చేసినవాళ్లు 10 నుంచి 16 ఏళ్ల కుర్రాళ్లు. నా క్లాసు పిల్లలకు 13 ఏళ్లు. "మనుషులందరూ సమానంగా సృష్టించబడ్డారు" అని రాసిన ఆయన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులకు యజమాని. ఆయన పోయాక 1827 జనవరిలో అప్పులు తీర్చడానికి 130 మందిని ఆ ఇంటి దగ్గరే వేలానికి పెట్టారు. గైడ్ దేన్నీ మెత్తబరచలేదు, జెఫర్సన్‌ని తిట్టనూ లేదు, ఏ విషయం ఏ కాగితంలో ఉందో చెప్పుకుంటూ వెళ్లింది. నేను క్లాసులో తడబడేది సరిగ్గా ఇక్కడే, అందుకే ఆమె ప్రశ్నలు ఎలా అడుగుతోందో నోట్ చేసుకున్నాను.

హోటళ్లు శుభ్రంగా ఉన్నాయి, ఊరికి దూరం. పొద్దున టిఫిన్ ఒక్కటే టూర్‌లో కలిపి ఉంది, మ్యూజియం కెఫేల్లో లంచ్‌కి బాగానే ఖర్చవుతుంది. రాత్రిపూట పెట్టిన లెసన్ ప్లాన్ వర్క్‌షాప్‌లు బాగున్నా, రోజంతా తిరిగి వచ్చాక కళ్లు మూతలు పడేవి. పీడీ అవర్స్ (టీచర్ల వృత్తి శిక్షణ గంటలు) సర్టిఫికెట్ వారంలో వచ్చింది.

ఐదుకి నాలుగు స్టార్లు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో షాపింగ్ తీసేసి ఆ మ్యూజియానికి రోజంతా ఇవ్వమని రాశాను. నేనైతే డిసెంబర్ సెలవుల్లో దానికోసమే మళ్లీ వెళ్తున్నాను, ఈసారి బస్సు లేకుండా.