భీమిలి రోడ్డులో సముద్రం ఎదురుగా ఫ్లాట్: మేం నాలుగు రోజులు కూర్చుని వచ్చిన ట్రిప్పు

ముందే చెప్తున్నా, ఇది తిరిగిన ట్రిప్పు కాదు, కూర్చున్న ట్రిప్పు. మా ఆయనకి ఆఫీసులో మార్చి హడావుడి మొదలవ్వకముందే ఎక్కడికైనా వెళ్ళి ఏ పనీ లేకుండా ఉండాలని నేనే పట్టుబట్టా. సముద్రం అంటే మా గుంటూరు వాళ్ళకి ముందు నోట్లోకి వచ్చేది సూర్యలంకే, బాపట్ల దాటితే బీచే కదా, కానీ ఒకసారి కార్తీక పౌర్ణమికి వెళ్ళి ఇసక కంటే జనాన్నే ఎక్కువ చూసొచ్చాం, కారు పెట్టడానికే ముప్పావుగంట పట్టింది. చీరాల పక్కన ఓడరేవు బీచ్ కూడా అనుకున్నాం గానీ మా అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, ఇసకలో నడవలేరు, ఇంట్లో కూర్చుంటే సముద్రం కనపడాలి, వంటగది ఉండాలి, బయట తిండి వద్దు, ఇవీ ఆవిడ కండిషన్లు. వెతగ్గా వెతగ్గా వైజాగ్ దాటాక భీమిలి రోడ్డులో అయిదో అంతస్తులో డబుల్ బెడ్రూం ఫ్లాట్ దొరికింది, రోజుకి 4,500, మూడు రాత్రులకి మాట్లాడుకున్నాం.

ఫిబ్రవరిలో రెండో శనివారం పొద్దున గుంటూరులో సింహాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. పగలంతా రైల్లోనే పోతుందని మా ఆయన గొణుగుతూనే ఉన్నారు గానీ, రాజమండ్రి బ్రిడ్జి మీద పిల్లలు గోదాట్లో చిల్లర వేస్తుంటే అందరికంటే ముందు జేబులు తడుముకున్నది ఆయనే. వైజాగ్‌లో దిగి కారు మాట్లాడుకుని వెళ్ళేసరికి చీకటి పడింది, ఆ రోజుకి సముద్రం చప్పుడే గానీ కనపడలేదు.

తెల్లారి ఆరుంపావు దాటాక బాల్కనీలోకి వస్తే నీళ్ళలోంచి సూర్యుడు లేస్తున్నాడు, మా చిన్నది బ్రష్ నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ బాల్కనీ ఒక్కటే చాలు ఇచ్చిన డబ్బుకి. ఫోటోల్లో మాత్రం అన్ని గదుల్లోంచీ సముద్రమే అన్నట్టు పెట్టారు, వెళ్ళి చూస్తే హాలు బాల్కనీకి పూర్తిగా, ఒక బెడ్రూంకి ఓరగా కనపడుతుంది, రెండో బెడ్రూం కిటికీ తీస్తే పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళు ఆరేసిన దుప్పట్లు. కిటికీ గడియలన్నీ ఉప్పుగాలికి తుప్పు పట్టి పట్టుకుంటే చేతికి ఎర్రగా అంటుతున్నాయి, ఫ్రిజ్ కాళ్ళు కూడా అంతే. కుళాయి నీళ్ళు ఉప్పన, సబ్బు నురగ రాదు, తాగడానికీ వంటకీ 20 లీటర్ల క్యాన్లు తెప్పించుకోవాలి. రెండో రోజు అట్లు పోస్తుంటే మూడో అట్టు పెనం మీద ఉండగా గ్యాస్ అయిపోయింది, కేర్‌టేకర్ ఇంకో సిలిండర్ తెచ్చేసరికి మూడు గంటలు. ఆ మూడు గంటల్లో ఆకలికి ఆగలేక యాప్‌లో ఇడ్లీ పెడితే గంటకి వచ్చాయి, చల్లగా, గట్టిగా. ఇంకోసారి కరెంటు పోతే లిఫ్ట్ ఆగిపోయింది, జనరేటర్ ఉందన్నారు గానీ అది మెట్ల లైట్లకే అట. అత్తయ్య కింద వాచ్‌మన్ కుర్చీలో నలభై నిమిషాలు కూర్చుని ఆయన కూతురి పెళ్ళి సంబంధం దాకా కనుక్కుని వచ్చారు.

ఇన్ని చెప్పాక కూడా హోటల్ కంటే ఇదే నయం అంటాను. ఎందుకంటే పెద్దవాళ్ళూ పిల్లలూ ఉన్నప్పుడు హోటల్లో ఎవరి గది వాళ్ళది, టిఫిన్ టైముకి దిగాలి, ఇక్కడ అందరం ఒక్క హాల్లోనే పడి ఉన్నాం. అత్తయ్య కందిపొడి, గోంగూర పచ్చడి, బుల్లి కుక్కరు అన్నీ తెచ్చుకున్నారు, నేను అప్పుడు విసుక్కున్నా, తర్వాత నోరు మూసుకున్నా. రాత్రిళ్ళు దూరంగా పోర్టు కోసం ఆగిన ఓడల లైట్లు కనపడేవి, ఆవిడకి వాటిని లెక్కపెట్టడమే పని, రాత్రి ఏడు ఉన్నాయి, పొద్దున్నకి ఆరే ఉన్నాయి, ఒకటి లోపలికి వెళ్ళిందన్నమాట అని కాఫీ తాగుతూ చెప్పేవారు.

ఆదివారం పొద్దున్నే భీమిలి వెళ్ళి పడవల దగ్గర చేపలు కొన్నాం. వంజరం కిలో 800 దగ్గర మొదలుపెట్టింది చేపలమ్మే ఆవిడ, అత్తయ్య బేరం ఆడటం మొదలుపెట్టగానే "ఏటమ్మా, గుంటూరోల్లా? మాట తెలిసిపోతంది" అంది. 650కి ఇచ్చి, పులుసుకి కాసిన్ని కానగంతలు కూడా అంటగట్టి, ముక్కలు కొడుతూ "మీ మిరపకాయ్ తగ్గించి ఎయ్యండి, చేప రుచి చచ్చిపోద్ది" అని ఒక సలహా. మా అత్తయ్య తగ్గించలేదు. ఆ పులుసు మర్నాడు పొద్దున చద్దన్నంలో తిన్నాం, అదీ రుచి.

ఫ్లాట్ ఎదురుగా ఉన్న సముద్రంలో మాత్రం దిగకండి. రాళ్ళున్నాయి, అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింద ఇసకంతా లాగేస్తుంది, చూసేవాళ్ళు కూడా ఎవరూ ఉండరు. పిల్లలు నీళ్ళలో ఆడాలంటే రుషికొండ తీసుకెళ్ళండి, శుభ్రతకీ భద్రతకీ ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది, శుభ్రంగా ఉంది, లైఫ్‌గార్డులు విజిల్ వేసి మరీ వెనక్కి పిలుస్తున్నారు. జనం ఎక్కువే, ఒక పూట చాలు.

మా ఫ్లాట్ దగ్గర ఒడ్డున నడుస్తుంటే చచ్చిపోయిన తాబేలు ఒకటి కనపడింది, ఆలివ్ రిడ్లే, దాదాపు మా పెద్దోడి స్కూలు బ్యాగు రెండింతలు. ఈ నెలల్లో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, ట్రాలర్ల వలల్లో చిక్కితే గాలి కోసం పైకి రాలేక చచ్చిపోతాయి. నీళ్ళలో ఉండేదానికి గాలెందుకమ్మా అని వాడు అడిగాడు, వాళ్ళ నాన్న చెప్పారు, ఆ సాయంత్రమంతా వాడు మాట్లాడలేదు.

చూసినవి తక్కువే. తొట్లకొండ బాగుంది, పాత బౌద్ధారామం ఉన్న చోటు, కొండమీద రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లు, దాని పేరే వాటివల్ల వచ్చింది, బౌద్ధ భిక్షువులు కూడా సముద్రం కనపడే చోటే చూసుకున్నారని మా ఆయన జోకు. అక్కడ నీడ తక్కువ, ఎండెక్కకముందే వెళ్ళండి. ఎర్రమట్టి దిబ్బలకి అత్తయ్య రాలేరు కాబట్టి దారిలో ఆగి పైపైన చూశాం. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూపిస్తామని పిల్లలకి మాటిచ్చి సోమవారం అంతదూరం వెళ్ళాం, సోమవారం సెలవు! అది మా తప్పే, చూసుకోవాలి కదా. బయటి నుంచి ఫోటో దిగి, మొక్కజొన్న కండెలు కొనిపెట్టి సర్దిచెప్పాం.

కట్టిన 2,000 అడ్వాన్స్ వెనక్కి రావడానికి తొమ్మిది రోజులు, మూడు ఫోన్లు పట్టింది. మిగిలిన గోంగూర పచ్చడి సీసా అత్తయ్య వాచ్‌మన్‌కి ఇచ్చొచ్చారు. అదే ఫ్లాట్‌కి మళ్ళీ వెళ్తాం, కాకపోతే ఈసారి తాళం తీయగానే సిలిండర్ ఊపి చూస్తా, దుప్పట్ల వైపు గది మా ఆయనకి.